నోటి మాట, చేతి ఓటు

మన దేశంలో గవర్నరును ప్రజలు ఎన్నుకోరు. రాజ్యాంగంలోని 155వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి నియమిస్తారు. రాజభవనానికి ఎవరు వస్తున్నారో పత్రికలో చదివి తెలుసుకోవటమే మన వంతు. రాజ్యాంగ పరిషత్తులో మొదట గవర్నరును కూడ వయోజన ఓటు ద్వారా ఎన్నుకోవాలన్న నిర్ణయమే జరిగినదనీ, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న తలంపుతో 1949లో దానిని మార్చుకొన్నారనీ రాజనీతి శాస్త్రం చదివే మిత్రులకు తెలిసినదే. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పద్ధతి వేరు. అక్కడి 50 రాష్ట్రాలలోనూ గవర్నరు ప్రజల ఓటుతోనే పదవిలోకి వస్తాడు. అధికారాల దృష్ట్యా అతనిని మన ముఖ్యమంత్రితో పోల్చుకోవటం సబబు. ఈ వ్యాసంలో గవర్నరు అన్నచోటనెల్ల ఆ గవర్నరునే పాఠకులు గుర్తుంచుకోవలెను.

నలభై ఏళ్లు దాటిన ఒక పరాయి దేశపు ఎన్నికతో మనకేమి పని అని కొందరు అడుగవచ్చును. పని ఉన్నది. 1982లో కాలిఫోర్నియా రాష్ట్రంలో జరిగిన ఆ ఎన్నిక నుండి ఒక మాట పుట్టినది. అల్పసంఖ్యాక వర్గం నుండి ఎవరైనా అభ్యర్థిగా నిలబడదలచినపుడు, "జనం పైకి సరే అంటారు, లోపలికి వెళ్లి వేరొకరికి వేస్తారు" అని పార్టీ పెద్దలు చెప్పి పంపివేయటానికి ఆ మాట చాలాకాలం పనికివచ్చినది. అందులో సగమే నిజమనీ, ఆ సగం నిజం ఓటర్లు చెప్పిన అబద్ధాలకంటె ఎక్కువ చెరుపు చేసినదనీ నా అభిప్రాయం.

ముందు జరిగిన సంగతి. టామ్ బ్రాడ్లీ 1917లో టెక్సాస్ రాష్ట్రంలో ఒక పేద నల్లజాతి వ్యవసాయ కుటుంబంలో పుట్టినాడు. ఆయన తాత బానిసగా బ్రతికినవాడు. బ్రాడ్లీ లాస్ ఏంజిలిస్ నగరంలో రెండు దశాబ్దాలు పోలీసు ఉద్యోగం చేసి, లెఫ్టినెంటు హోదా వరకు ఎదిగి, న్యాయశాస్త్రం చదివి, 1969లో మేయరు పదవికి పోటీచేసి ఓడి, 1973లో గెలిచినాడు. నగర జనాభాలో నల్లజాతివారు అప్పటికి ఐదవ వంతైనా లేరు. అంటే ఇతర జాతుల ఓట్లతోనే ఆయన మేయరైనాడు. 1982లో డెమొక్రాటిక్ పార్టీ ఆయనను గవర్నరు పదవికి నిలిపినది. ఎదుటివాడు రాష్ట్ర అటార్నీ జనరల్ జార్జ్ డ్యూక్‌మేజియన్, రిపబ్లికన్. ఈయన కూడ వలస వచ్చిన ఆర్మేనియన్ దంపతుల కుమారుడే. ఈ సంగతిని కథ చెప్పేవారు సాధారణంగా వదలివేస్తారు.

ఎన్నికకు ముందు అభిప్రాయ సేకరణలు బ్రాడ్లీయే ముందున్నాడని చెప్పినవి. కాలిఫోర్నియాలో దశాబ్దాలుగా పేరుపొందిన మెర్విన్ ఫీల్డ్ సంస్థ, నవంబరు 2న పోలింగు కేంద్రాల బయట ఓటర్లను ప్రశ్నించి, సాయంకాలానికి బ్రాడ్లీ గెలుపు ఖాయమన్నది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రముఖ దినపత్రిక తొలి ముద్రణలో ఆయన విజయాన్ని అంచనాగా పతాక శీర్షికలోనే ప్రకటించినది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! తెల్లవారేసరికి డ్యూక్‌మేజియన్ 49.3 శాతం, బ్రాడ్లీ 48.1 శాతం. పోలైన సుమారు 78 లక్షల ఓట్లలో తేడా దాదాపు 93 వేలు.

ఎక్కడ పొరపాటు జరిగినది? కొందరు శ్వేతజాతి ఓటర్లు, తాము జాతి దురభిమానులమని ఎదుటివాడు అనుకొంటాడేమోనన్న జంకుతో "బ్రాడ్లీకే వేస్తాము" అని చెప్పి, తెరచాటున వేరుగా వేసినారన్నది వెంటనే వినవచ్చిన జవాబు. దీనికే "బ్రాడ్లీ ప్రభావం" అని పేరు వచ్చినది. నిజానికి ఎన్నికకు కొద్ది వారాల ముందే డ్యూక్‌మేజియన్ ప్రచార నిర్వాహకుడు బిల్ రాబర్ట్స్, సర్వేలకు అందని ఇటువంటి ఓటు ఐదు శాతం వరకు తమకు అదనంగా వస్తుందని పత్రికలవారితో అన్నాడు. అభ్యర్థి ఆ మాటను ఖండించినాడు, రాబర్ట్స్ ఆ పని వదలిపోవలసి వచ్చినది. ఫలితం వెలువడిన తరువాత మాత్రం ఆ మాటే జోస్యంగా నిలిచిపోయినది.

కాని ఓట్ల లెక్కను కొంచెం ఓపికగా చూసినవారికి వేరొక కథ కనబడుతుంది. పోలింగునాడు కేంద్రాలకు వచ్చి వేసినవారి ఓట్లను మాత్రమే లెక్కించితే బ్రాడ్లీ స్వల్పంగా ముందున్నాడు. అతనిని ఓడించినవి తపాలా ఓట్లు. కారణం చూపకుండ ఎవరైనా తపాలాలో ఓటు వేయవచ్చునన్న వెసులుబాటు ఆ రాష్ట్రంలో అప్పటికి కొద్ది ఏళ్ల క్రితమే వచ్చినది. రిపబ్లికన్లు దానిని గ్రహించి తమ ఓటర్ల ఇళ్లకు దరఖాస్తులు పంపి, పెద్దయెత్తున ఓట్లు రాబట్టినారు. పోలింగు కేంద్రం గుమ్మం వద్ద నిలబడి అడిగేవాడికి, ఇంట్లో కూర్చుండి కవరు అంటించిన ఓటరు ఎట్లా కనబడతాడు? అక్కడ అబద్ధం ఆడినవాడెవడూ లేడు, అడుగబడనివాడు ఉన్నాడు.

ఇంకొకటి. అదే బ్యాలెట్టుపై చేతి తుపాకుల సంఖ్యను కట్టడి చేయాలన్న 15వ ప్రతిపాదన కూడ ఉన్నది. దానిని ఓడించటానికి గ్రామీణ ప్రాంతాల నుండి తుపాకి ప్రియులు బారులు తీరి వచ్చినారు. ప్రతిపాదన చిత్తుగా ఓడినది, వచ్చిన చేతితోనే వారిలో ఎక్కువమంది డ్యూక్‌మేజియన్‌కు వేసిపోయినారు. డ్యూక్‌మేజియన్ పక్షాన సర్వేలు నడిపిన లాన్స్ టరాన్స్, చివరి రోజులలో అంతరం తగ్గిపోతున్నట్లు తమ లెక్కలు స్పష్టంగా చూపినవనీ, దాచిన ఓటు అన్నది కట్టుకథ అనీ 2008లో వ్రాసినాడు. గెలిచిన పక్షంవాడి మాట గనుక కొంత తగ్గించి వినవలసినదే. అయినా వెయ్యిమందిని ఎంత శాస్త్రీయంగా ఎంచి అడిగినా ఫలితం మూడు శాతం అటో ఇటో ఉంటుందని గణాంకశాస్త్రం చెబుతుండగా, ఒక్క శాతం పైచిలుకు తేడాతో తేలిన ఎన్నికలో మానవ స్వభావపు లోతులు కొలవబూనటం సాహసమే.

అట్లని ఓటర్లందరూ సత్యహరిశ్చంద్రులని నేను వాదించబోవటం లేదు. 1989లో వర్జీనియా రాష్ట్రంలో డగ్లస్ వైల్డర్ గవర్నరు పదవికి పోటీచేసినాడు. ఆయన కూడ బానిసల మనుమడే. ఎన్నికకు ముందు కొన్ని సర్వేలు తొమ్మిది, పది శాతం ఆధిక్యం చూపినవి. పోలింగునాడు బయట ముఖాముఖి అడిగిన లెక్క కూడ పది శాతమే అన్నది. చివరకు సుమారు 18 లక్షల ఓట్లలో ఆయన గెలిచినది 6,741 ఓట్లతో; తిరిగి లెక్కించవలసి వచ్చినది. ఆ ఎన్నికకు ముందు జరిపిన ఒక సర్వేను విద్వాంసులు తరువాత పరిశీలించగా, అడిగేవారు నల్లజాతివారైనపుడు శ్వేతజాతి ఓటర్లు "వైల్డర్‌కే" అని ఎక్కువగా చెప్పినట్లు తేలినది. అనగా ప్రశ్న ఒకటే, ఓటరు తరగతి ఒకటే. ప్రశ్నించే ముఖం మారగానే జవాబు మారినది. ఇక్కడ మర్యాద అబద్ధమాడించినదనటానికి ఆధారం ఉన్నది.

ఈ సంగతి మనకు కొత్త కాదు. మా వీథి మొగలో ఒక ఇరానీ హోటలు ఉన్నది. ఒక ఎన్నికల సమయంలో చేతిలో కాగితాలతో ఇద్దరు యువకులు వచ్చి, చాయ్ తాగుతున్న పెద్దలను "చాచా, ఈసారి మీ ఓటు ఎవరికి?" అని అడుగుతుండగా ప్రక్క బల్లపై కూర్చుండి విన్నాను. ఒకాయన, "మీరెవరికంటే వారికే బేటా" అన్నారు. రెండవ ఆయన తడుముకోకుండ ఒక పార్టీ పేరు చెప్పి, వారు వెళ్లిన తరువాత, "వాళ్ల వాలకం చూసి చెప్పినాను" అని నవ్వినారు. మూడవ ఆయన ముందుగా, "ఇది రేషను కార్డుల లెక్కా?" అని అడిగినారు. కాదన్నా నమ్మక, "అందరూ మంచివాళ్లే" అని సాసరు ప్రక్కకు జరిపినారు. ఆ ముగ్గురి జవాబులు కూడ ఆ సాయంత్రం ఏదో ఒక పట్టికలో శాతాలుగా మారి ఉంటవి. వారిలో ఎవరినీ అబద్ధాలకోరు అనటానికి నాకు మనసొప్పదు. పేరు, వీథి, ఇల్లు వ్రాసుకొనే అపరిచితుని ముందు బీదవాడు తన ఓటును దాచుకోవటం పాపం కాదు. ఓటు రహస్యంగా ఉండాలని చట్టమే చెబుతున్నది. దాచుకొనే కారణం వర్జీనియాలో సిగ్గు, మా వీథిలో భయం. సర్వే పట్టికలో రెండూ ఒకే గడిలో పడతవి.

కనుకనే మన వద్ద కూడ అంచనాలు తలక్రిందులైన సందర్భాలు లేకపోలేదు. 2004 లోక్‌సభ ఎన్నికలలో ఎగ్జిట్ పోల్స్ చెప్పినదొకటి, జరిగినదొకటి. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలలో విస్తృత ప్రచారం పొందిన ఒక సర్వే కాంగ్రెసు కూటమిదే పైచేయి అన్నది. 119 స్థానాలలో తెలంగాణ రాష్ట్ర సమితికి 88 వచ్చినవి. సర్వే తప్పితే నాలుగు రోజులు నవ్వుకొని మరచిపోతాము. అంతవరకు నష్టం లేదు.

నష్టమంతా వేరొకచోట ఉన్నది. టిక్కెట్లు పంచే వేళ మన నాయకులు తరచు వాడే మాట "గెలుపు గుర్రాలు". ఫలానావాడు యోగ్యుడే, చదువుకొన్నవాడే, సేవ చేసినవాడే, కాని గెలుపు గుర్రం కాదు. ఎందుకు కాదు? జనం వేయరు. జనం వేయరని ఎవరు చెప్పినారు? సర్వేలో వేస్తామనే అన్నారు గాని, లోపల వేయరు! ఈ తర్కానికి అడ్డుకట్ట లేదు. సర్వే వ్యతిరేకమైతే జనం వ్యతిరేకం. సర్వే అనుకూలమైతే జనం అబద్ధమాడుతున్నారు. అల్పసంఖ్యాకుడు ఏ దారిన వచ్చినా వాకిలి మూసియే ఉంటుంది. ఓటరు తిరస్కరించక ముందే, ఓటరు పేరు చెప్పి తిరస్కరించే ఈ పద్ధతి ఏ బ్యాలెట్టు పెట్టెలోనూ కనబడదు, ఏ లెక్కింపులోనూ తేలదు.

అమెరికాలో సంగతే చూడండి. 2022లో మేరీలాండ్ రాష్ట్రంలో వెస్ మూర్ ఎన్నికయ్యేనాటికి, ఆ దేశ చరిత్ర మొత్తంలో ప్రజల ఓటుతో గవర్నరైన నల్లజాతివారు ముగ్గురే: వైల్డర్, 2006లో మసాచుసెట్స్‌లో గెలిచిన డెవాల్ పాట్రిక్, ఈ మూర్. ముగ్గురే గెలిచినారని అనే ముందు, పెద్ద పార్టీలు ఎందరిని నిలిపినవని అడుగవలెను. పాట్రిక్ ఎన్నికలో సర్వేలు చెప్పినట్లే జరిగినది. ఇరవై శాతం ఆధిక్యంతో గెలిచినాడు, ఎవరూ ఏమీ దాచినట్లు కనబడలేదు. డేనియల్ హాప్కిన్స్ అను పరిశోధకుడు 1989 నుండి 2006 వరకు జరిగిన గవర్నరు, సెనేటు ఎన్నికలను పరిశీలించి, తొంభైల మధ్య వరకు నల్లజాతి అభ్యర్థులకు సర్వేలలో కంటె పోలింగులో సుమారు మూడు శాతం తగ్గేదనీ, ఆ తరువాత ఆ తేడా కనుమరుగైనదనీ చూపినాడు. జనం మారినారు. మూడు శాతపు జబ్బు నయమైన తరువాత కూడ దాని పేరు మాత్రం వాడుకలో ఉండిపోయినది. 2008లో ఒబామా పోటీచేసినపుడు సైతం పోలింగు నాటివరకు విశ్లేషకులు బ్రాడ్లీ పేరే జపించినారు. ఫలితం సర్వేలకు దగ్గరగానే వచ్చినది.

బ్రాడ్లీ విషయానికి వస్తే, 1986లో ఆయన మళ్లీ అదే పదవికి అదే డ్యూక్‌మేజియన్‌తో పోటీచేసి, ఈసారి ఇరవై శాతానికి పైగా తేడాతో ఓడిపోయినాడు. అప్పుడు ఎవరూ ఏ ప్రభావం పేరూ ఎత్తలేదు. పదవిలో ఉన్న గవర్నరుపై జనానికి అసంతృప్తి లేదు, అంతే. మేయరుగా మాత్రం ఆయన 1993 వరకు, ఇరవై సంవత్సరాలు కొనసాగినాడు. ఆ నగరపు ఓటర్లు ఆయనను ఐదుసార్లు ఎన్నుకొన్నారు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. మన సాంస్కృతిక సంఘ కార్యదర్శి ఎన్నికకు వారం ముందు రాజనీతి శాస్త్ర విద్యార్థులచేత ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చును. చీటీలు తీసి విద్యార్థులను రెండు భాగాలుగా విభజించి, ఒక భాగాన్ని ఎదురుగా నిలబడి అడిగి జవాబు వ్రాసుకోవలెను. రెండవ భాగానికి ఖాళీ చీటీ ఇచ్చి, మడిచి పెట్టెలో వేయమనవలెను. ఉర్దూ మాధ్యమంవారిని తెలుగు మాధ్యమంవారూ, తెలుగువారిని ఉర్దూవారూ అడిగినపుడు జవాబు మారుతున్నదేమో విడిగా గుర్తించవలెను. చెప్పనన్నవారిని ఏ అభ్యర్థి ఖాతాలోనూ కలుపరాదు. వారికి వేరే గడి ఉండవలెను. ఎన్నిక ముగిసిన తరువాత మూడు లెక్కలనూ ప్రక్కప్రక్కన గోడపత్రికలో అంటించితే, ఎవరు ఎవరికి వేసినారని గొడవపడకుండ, ఎట్లా అడిగితే ఎట్లా చెప్పినారో అందరూ చూడగలరు. ఖర్చు కొద్ది దస్తాల కాగితం, ఒక తాళం. తాళంచెవి లైబ్రేరియన్ గారి వద్ద ఉంచవచ్చును.