స్నానపు గదిలో విద్యుత్తు

గీజరుతోపాటు 230 వోల్టుల విద్యుత్తును మన స్నానపు గదులలో ప్రవేశించినది. ఇంట ఎం.సి.బి. యున్నదికదా యని గృహస్థుడు నిశ్చింతగా నున్నాడు. ఆ నిశ్చింతయే మాకు భయము గొల్పుచున్నది. 16 ఆంపియర్ల ఎం.సి.బి. తీగను గాపాడును, మనుష్యుని గాపాడదు. తడిసిన దేహముగుండ అందులో ఐదువందలవ వంతు ప్రవహించినను ప్రాణాపాయము గలుగవచ్చును. అంత స్వల్పప్రవాహము దానికి దెలియనే దెలియదు.

తెలిసికొనగలది ఆర్.సి.సి.బి. పోయిన ప్రవాహమునకును మరలివచ్చిన ప్రవాహమునకును 30 మిల్లీ ఆంపియర్ల భేదము గలిగినంతనే యది సరఫరాను నిలుపును. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి 2010 నాటి నిబంధనలు గృహములకు ఈ హద్దునే విధించి, 5 కిలోవాట్లకు లోపలి చిన్న కనెక్షన్లను మాత్రము మినహాయించినవి. బకెట్టులో హీటరు కడ్డీ వ్రేలాడదీసి నీళ్లు కాచుకొనువారు సామాన్యముగా ఏ కనెక్షనువారో నిబంధనకర్తలు విచారించిరో లేదో!

తొట్టి యంచునుండి 60 సెంటీమీటర్లలోపల సామాన్యపు సాకెట్టు కూడదని అంతర్జాతీయ ప్రమాణము. తొట్టిలేని షవరుకు ఈ దూరము 120 సెంటీమీటర్లు. మన యిరుకు గదులలో గోడలన్నియు తడియునుగదా! కావున స్విచ్చి తలుపునకు వెలుపల నుండుటయే యుక్తము. ఎర్తుతీగ తగిలింపని మూడు రంధ్రముల సాకెట్టు వట్టి వేషము. గోడలకు టైల్సు పరచుటకు వేలకొలది రూపాయలు వెచ్చించు యజమానులు ఈ తీగకడనే పొదుపు చూపుట మేమెరుగుదుము.

ఆర్.సి.సి.బి. యున్నవారు దాని టెస్టు బొత్తామును అప్పుడప్పుడు నొక్కిచూడవలెను. మీట క్రిందికి పడనిచో ఎలక్ట్రీషియనును పిలువనంపుడు. అంతవరకు గీజరు ముట్టవలదు.