ఫార్మాట్ కొడితే పోదు

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. నీళ్లు తీశాక మా రిపేరు షాపు ముందు బురద కారే సీపీయూలు వరస కట్టాయి. ‘ఇంకేం పనికొస్తయన్నా, పాత సామానోడికి వేసెయ్’ అన్నాడో నెట్ సెంటర్ తమ్ముడు. వద్దన్నాను. బోర్డు పోయినా హార్డ్ డిస్కులో రాత చాలాసార్లు అలాగే ఉంటుంది. వరదకే చెరగనిది డిలీట్ నొక్కితే చెరుగుతుందా?

మా ఏజెన్సీ ప్రాంతంలో ఆ డిస్కుల్లో ఉండేవి సినిమా పాటలు కావు. పోడు పట్టాల దరఖాస్తులు, ఆధార్ కాపీలు, పాసుపుస్తకాల స్కాన్లు. అన్నీ ఊళ్లోవాళ్లవే.

క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపడమే, పేజీలు ఎక్కడికీ పోవు. పాతరకం డిస్కునైతే మొత్తం ఒక్కసారి సున్నాలతో నింపితే చాలు. ఏడుసార్లు తుడవాలన్నది పాతకాలపు భయం. ఎస్‌ఎస్‌డీకి ఆ పద్ధతిని నమ్మలేం, కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. పాడైపోయి అసలు తిరగని డిస్కుకు డ్రిల్లింగ్ మిషనే మందు.

‘రిజిస్ట్రీ క్లీన్ చేయించాం కదా’ అనేవాళ్లూ ఉన్నారు. రిజిస్ట్రీ విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు. దాన్ని కెలికితే మీ ఫైళ్లు పోవు, ఒక్కోసారి విండోసే లేవదు. ఆ క్లీనర్లను మైక్రోసాఫ్టే సమర్థించదు.

ఆఫీసులు పాత కంప్యూటర్లు వేలం వేసేటప్పుడు, డిస్కు తుడిచినట్టు సంతకం పెట్టిన కాగితం జతచేయడం తప్పనిసరి కావాలి. ఒక టెరాబైటు తుడవడానికి రెండు మూడు గంటలు. సాయంత్రం పెట్టి ఇంటికెళ్తే పొద్దుటికి అయిపోతుంది.