పేరు గొప్ప పెడళ్ళు

గిటారు వాయించే తెలుగువారు నలుగురు చేరినచోట తప్పకుండా వినబడే ప్రశ్న ఒకటుంది: "అన్నిటికన్నా మంచి ఓవర్‌డ్రైవ్ పెడలు ఏది?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే పండితులూ ఉన్నారు. నా పేచీ వారితోనే. "అన్నిటికన్నా మంచి చెప్పులు ఏవి?" అని ఎవరైనా అడిగితే ముందు కాలు చూపించమంటాం కదా! ఇక్కడ కాలు యాంప్లిఫయరు. దాని ఊసెత్తకుండా పెడలు పేరు చెప్పడం పాండిత్యమని నేను ఒప్పుకోను.

నేనెరిగిన ఒక యువకుడు నెల జీతంలో సగం పోసి అందరూ మెచ్చే పెడలు కొన్నాడు. ఇంట్లో ఉన్నది ట్వీడ్ తరహా చిన్న వాల్వు యాంపు. రెండూ కలిపేసరికి గిటారు ముక్కుతో మాట్లాడింది. పెడలు గొప్పదని లోకమంతా చెబుతోంది కనుక తప్పు యాంపుదే అనుకుని అమ్మకానికి సిద్ధపడ్డాడు. ఆ పైన "నా చేతిలోనే సంగీతం లేదేమో" అని కూడా అన్నాడు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. వాయించే పిల్లవాడు తన చేతినే అనుమానించే స్థితికి తెచ్చిన ఈ నామస్మరణను మాత్రం క్షమించలేను.

అసలు సంగతి మన సంగీతపు మాటల్లోనే చెప్పుకుందాం. మంద్ర, మధ్య, తార స్థాయులు మనకు తెలిసినవే. ప్రతి యాంపుకూ ఈ మూడింటిలో తనదైన పాళ్ళు ఉంటాయి. 1963లో మొదలైన ఫెండర్ డీలక్స్ రివర్బ్‌నే తీసుకోండి. రెండు 6వీ6 వాల్వులు, 22 వాట్లు. దాని స్వరనియంత్రణ అమరికలో మధ్యస్థాయి, ముఖ్యంగా 400-500 హెర్ట్జ్ ప్రాంతం, లోతుగా పల్లం పడి ఉంటుంది. విడిగా వింటే ఆ నాదం ముత్యంలా మెరుస్తుంది. డ్రమ్ములు, బేస్ గిటారు తోడైతే ఆ పల్లంలోనే గిటారు మునిగిపోతుంది.

ఇప్పుడు 1970ల చివర జపాన్‌లో పుట్టిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్‌ను చూడండి. అది 720 హెర్ట్జ్‌కు దిగువనున్న మంద్రాన్ని చిట్లించకుండా తగ్గిస్తుంది; చిట్లిన తరువాత సుమారు అదే చోటు నుంచి తారాన్ని కోస్తుంది. మిగిలేది మధ్యలో ఒక మిట్ట. పల్లానికి మిట్ట సరిపోయింది! స్టీవీ రే వాన్ ఫెండర్ యాంపుల ముందు దీన్ని పెట్టి, డ్రైవ్ మీట తగ్గించి లెవెల్ పెంచి వాయించడంలోని కిటుకు ఇదే. అక్కడ పెడలు పని యాంపు తొలి వాల్వును ముందుకు నెట్టడం. చిట్లే పని చాలావరకు యాంపే చేసుకుంటుంది.

ఆ జంట కుదిరింది కనుక అదే పెడలు అందరికీ అనడం ఎలాంటి తర్కం? 1950ల ట్వీడ్ డీలక్స్‌కు, అంటే 5ఈ3కి, ఉన్నది ఒకే ఒక టోన్ మీట. ఆ పల్లం దానికి లేనే లేదు. మార్షల్ వారి తొలి జేటీఎం45 ట్వీడ్ బాస్‌మన్ నమూనా మీద కట్టినది. వీటికి మధ్యస్థాయి పుష్కలం. ఉప్పు సరిపోయిన పులుసులో మరో గుప్పెడు ఉప్పు వేసి, రుచి చెడిందని కుండను తిట్టడం న్యాయమేనా?

ఒక మాట ఒప్పుకోవాలి. 5ఈ3 వాల్యూమ్ బాగా పెంచితే దాని మంద్రం వదులై బురదవుతుంది. అప్పుడు మంద్రాన్ని కోసే పెడలు మేలే చేస్తుంది, డ్రైవ్ సున్నా దగ్గర ఉంచితే. వాక్స్ ఏసీ30 దారి వేరు. నాలుగు ఈఎల్84 వాల్వులను గట్టిగా పనిచేయిస్తూ రోరీ గాలఘర్, బ్రయన్ మే దాని ముందు పెట్టింది ట్రెబుల్ బూస్టరు. అది తారాన్ని ముందుకు నెట్టి మంద్రాన్ని వెనకుంచుతుంది. వాల్వులు చిట్లినప్పుడు స్వరాలు విడివిడిగా నిలుస్తాయి.

ఇక మూఢనమ్మకాల సంగతి. ట్యూబ్ స్క్రీమర్‌లోని జేఆర్‌సీ4558 చిప్పును శాలగ్రామంలా పూజించేవారున్నారు. ఆ మిట్టను ముఖ్యంగా నిర్ణయించేవి చుట్టూ ఉన్న రెసిస్టర్లు, కెపాసిటర్ల విలువలు. అవి చవకగా దొరికేవే. 1994లో బిల్ ఫినెగన్ మొదలుపెట్టిన క్లాన్ సెంటార్ నేడు వేల డాలర్లు పలుకుతోంది. దాన్ని 'పారదర్శకం' అంటారు. దానికీ మధ్యస్థాయిలో మిట్ట ఉంది మహాప్రభో! ఈ ఆర్భాటం తన సృష్టి కాదని ఫినెగనే తన తరువాతి పెడలు కేటీఆర్ మీద అచ్చువేయించాడు. భక్తులు మాత్రం వినరు. 1981 నాటి బాస్ ఎస్‌డీ-1 ఇప్పటికీ అందుబాటు ధరలో దొరుకుతుంది. పల్లమున్న యాంపు ముందు అది నిక్షేపంగా పనిచేస్తుంది. చవక కావడమే దాని నేరం.

"చెవికి నచ్చితే చాలదా?" అంటారు కొందరు. చాలు. అయితే ఏ చెవికి, ఎంత శబ్దంలో, ఒంటరిగానా పదిమందితోనా? పడకగదిలో నిండుగా వినిపించిన పెడలు వేదిక మీద కనబడకుండా పోవచ్చు. గదిలో ఇరుకుగా తోచిన నాదమే అక్కడ గీత గీసినట్టు నిలబడవచ్చు.

కనుక కొనేముందు పని ఇంత. పెడలు లేకుండా యాంపును మీరు నిజంగా వాడగలిగే శబ్దంలో ఉంచి వినండి. లోపించింది మధ్యస్థాయా, ఎక్కువైంది మంద్రమా అని తేల్చుకోండి. అంత శబ్దంలో యాంపు చిట్లే అంచున ఉంటే, దాన్ని నెట్టే పెడలు చాలు. అపార్టుమెంటు గోడల మధ్య అది తేటగానే ఉండిపోతే, తానే చిట్లి నిండుదనం తెచ్చే పెడలు కావాలి. 1995 నాటి బాస్ బ్లూస్ డ్రైవర్ వంటిది అప్పుడు పరీక్షించదగినది. డ్రైవ్ సున్నాలో పెట్టి, లెవెల్ సరిసమానం చేసి, మీటను నొక్కుతూ వదులుతూ ఏమి మారిందో గమనించండి. తరువాత ఒక పాట రికార్డుతో కలిపి వాయించండి.

తంబురా గుర్రం మీద తీగ కిందికి నూలుపోగును వెంట్రుకవాసి జరిపి జీవం తెప్పించే వారసత్వం మనది. ఆ పోగు ఏ కొట్టులో కొన్నారని ఎవరూ అడగరు. ఆ తీగకు, ఆ గుర్రానికి అది కుదిరిందా అని వింటారు. అంతటి చెవిని వాటంగా వచ్చిన పేర్లకు తాకట్టు పెట్టడం నాకు నచ్చదు. ఆ యువకుడు యాంపును అమ్మలేదు. కాదనేవారు తమ యాంపు పేరు ముందు చెప్పి, ఆ తరువాత వాదించవలసిందిగా మనవి.