ఎవరూ చూడని గురువు

ఈ సంచిక ముఖచిత్ర కథనం కార్లోస్ కాస్టనేడా మీద. మెక్సికోకు చెందిన యాకీ తెగ మాంత్రికుడు డాన్ హువాన్ దగ్గర శిష్యరికం చేశానంటూ 1968లో ఆయన తొలి పుస్తకం తెచ్చాడు. అచ్చేసింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థే! 1973లో డాక్టరేటూ దక్కింది. గురువు మాత్రం బయటివాళ్ల కంటపడలేదు. ఫొటో వద్దంటాడు, టేపురికార్డరు వద్దంటాడు. రచయితకు ఇంతకన్నా అనుకూలమైన గురువు దొరుకుతాడా? విమర్శకుడు రిచర్డ్ డి మిల్ కాస్టనేడా పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేదీలు పొసగలేదు. ఒళ్లు మాడ్చే సొనోరా ఎడారి ఎండల్లోనూ గురుశిష్యులు హాయిగా తిరుగుతుంటారు. నా మటుకు నేను ఆ పుస్తకాలను నవలలుగానే చదువుతాను, చదివిస్తాయి కూడా. యాకీలకు అలా సరిపెట్టుకునే వీల్లేదు: అట్టమీద తమ పేరుంది, లోపల తమ బతుకు దాదాపుగా లేదు.