డిస్కు మార్చే ముందు కొలత చూపించాలి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద నూరు దాటి పోతున్న కారుకు ఎగ్జిట్ దగ్గర కాస్త గట్టిగా బ్రేకు వేయగానే స్టీరింగ్ చేతుల్లో గజగజలాడుతుంది. వేగం యాభైకి దిగేసరికి అంతా సర్దుకుంటుంది. ఊళ్లో తిరిగేటప్పుడు దాని జాడే ఉండదు. మర్నాడు షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ ఒక రౌండు తిప్పుకొచ్చి, చక్రం విప్పకుండానే తేల్చేస్తాడు: ‘డిస్కులు బెండ్ అయ్యాయి సార్, రెండూ మార్చాల్సిందే.’ డిస్కులు, ప్యాడ్లు, కూలీ కలిపి బిల్లు వేలల్లోకి పోతుంది. కొన్ని నెలలు గడిచాక అదే ఔటర్ మీద మళ్లీ అదే వణుకు.

అప్పుడు తిట్లు తినేది కారు కంపెనీ. నిజానికి ఇలాంటి కేసుల్లో ఇనుము తప్పు తక్కువ, బిగింపు తప్పు ఎక్కువ.

డిస్కు బ్రేకు బలమే వేడిని తట్టుకోవడం. బ్రిటిష్ ఇంజినీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నా, సత్తా లోకానికి తెలిసింది 1953లో. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని లే మాన్ 24 గంటల రేసును జాగ్వార్ సీ-టైప్ కార్లు గెలిచింది ఈ బ్రేకుల బలంతోనే. వేడెక్కిన డ్రమ్ము బ్రేకులు పట్టు కోల్పోతుంటే డిస్కులు గాలికి చల్లారుతూ నిలబడ్డాయి. ఇవాళ్టి ఫ్యామిలీ కారు ముందు చక్రాలకు ఉండేదీ అదే జాతి పోత ఇనుప డిస్కు. ఒక్క ఘాటు దిగినంత మాత్రాన అది వంకర తిరిగిపోదు. వణుకు పుట్టించేది చాలాసార్లు వంపు కాదు, మందంలో తేడా. డిస్కు చుట్టూ ఒకచోట మందం 0.02 మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే చాలు. కంటికి ఆనదు, గోటికి తగలదు, పెడల్ మీది పాదానికి మాత్రం చక్రం తిరిగిన ప్రతిసారీ తెలుస్తుంది.

ఈ తేడా ఎలా వస్తుందన్నదే అసలు కథ. డిస్కు కూర్చునే హబ్ మీద తుప్పు పొర ఉందనుకుందాం. దాన్ని గీకకుండా కొత్త డిస్కు తగిలిస్తే అది నిటారుగా కూర్చోదు, తిరిగేటప్పుడు పక్కకు ఊగుతుంది. దీన్నే రనౌట్ అంటారు. చాలా కంపెనీల మాన్యువల్స్ దీనికి 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల లోపే హద్దు గీస్తాయి. ఆ హద్దు దాటితే బ్రేకు వేయనప్పుడు కూడా డిస్కు ఒకే చోట ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లు నడిచేసరికి ఆ చోటు అరిగి పల్చబడుతుంది. పని చేయించిన రోజు కారు వెన్నలా నడుస్తుంది కాబట్టి, నెలల తర్వాత వచ్చే వణుకుకు ఆ బిగింపే కారణమని ఎవరికీ తోచదు. ఓనరుకు తోచదు, మెకానిక్ ఒప్పుకోడు.

ఇందులో పంక్చర్ షాపు వాటా కూడా ఉంది. వీల్ నట్లను ఎదురెదురుగా, విడతలు విడతలుగా బిగించి చివర్లో టార్క్ రెంచితో సరిచూడాలి. చిన్న కార్లకు కావాల్సింది సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగింపే. షాపులో జరిగేది వేరు. గాలి గన్ను పెట్టి వరసగా బర్రున బిగించేస్తారు, ఆపైన రాడ్డు మీద కాలేసి తొక్కుతారు. ఒక నట్టు అతి బిగువు, పక్కది వదులు అయితే డిస్కు ఆ మేరకు పక్కకు లాగేసుకుంటుంది.

ఇక ఘాటు రోడ్లు. ఇక్కడ మాత్రం నింద డ్రైవరు మోయాల్సిందే. తిరుపతి నుంచి తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1,300 కిలోల కారు అంత ఎత్తు దిగిందంటే, 30 లీటర్ల చన్నీళ్లను మరిగించేంత శక్తి ఎటో ఒకవైపు పోవాలి. గాలికి, టైర్లకు కొంత పోయినా, న్యూట్రల్‌లో దిగే కారులో సగానికి పైగా బ్రేకుల నెత్తిన పడుతుంది. 1944లో తెరిచిన మొదటి ఘాటు రోడ్డు మీదుగానే ఇప్పుడూ కార్లు దిగుతాయి. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ నియమం పెట్టింది ప్రమాదాలను దృష్టిలో పెట్టుకునే అయినా, డిస్కులకూ అది మేలే చేస్తోంది. రెండో గేరులో దిగితే ఆ వేగం దానంతటదే వస్తుంది. బ్రేకు మీద పాదం ఆనించాల్సిన పని మలుపుల దగ్గరే పడుతుంది.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోల్ మిగులుతుందనే నమ్మకం కార్బ్యురేటర్ కాలం నాటిది. ఇప్పటి ఇంజెక్షన్ కార్లు గేరులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిన్ ఆగిపోకుండా కొంత పోయాల్సి వస్తుంది. అంటే ఆ పొదుపు వల్ల పెట్రోలూ పోతుంది, డిస్కులూ పోతాయి. అలా కాలిన బ్రేకులతో కిందికొచ్చి, సిగ్నల్ దగ్గర పెడల్ అదిమిపెట్టి నిలబడితే ప్యాడ్ మసాలా డిస్కు మీద ఒకేచోట అచ్చులా అంటుకుంటుంది. ఆ మచ్చ దగ్గర రాపిడి ఎక్కువై, వేడి ఎక్కువై, ఉష్ణోగ్రత 650 డిగ్రీలు దాటిందంటే ఇనుమే రూపు మారి గట్టి ముద్ద కడుతుంది. లేత్ మీద కటింగ్ కొట్టిస్తే పైపొర నునుపవుతుంది గానీ గట్టిపడిన చోటు లోపల అలాగే ఉంటుంది, కొన్నాళ్లకు మళ్లీ పైకి తేలుతుంది. దిగాక హ్యాండ్ బ్రేకు వేసి పెడల్ వదిలేయడం, లేదా ఆగే ముందు ఓ రెండు కిలోమీటర్లు మెల్లగా నడిపి చల్లారనివ్వడం పైసా ఖర్చులేని పని.

వణికేదల్లా డిస్కు జబ్బు కాదు. బ్రేకు ముట్టకుండానే ఎనభై, తొంభై దగ్గర స్టీరింగ్ ఊగుతుంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్, టైర్లు చూడాలి. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయిన ఏబీఎస్ కూడా సడన్ బ్రేకు వేసినప్పుడు పెడల్‌ను టకటకా తన్నుతుంది. అది దాని సహజం, దానికి మరమ్మతు చేయించుకునే వాళ్లూ లేకపోలేదు.

తేల్చుకోవడానికి కావాల్సింది ఒక డయల్ గేజి, దాన్ని నిలబెట్టే అయస్కాంతం స్టాండు. రెండు మూడు వేల రూపాయల సామాను. చక్రం ఊడదీసి, వాషర్లు వేసి నట్లతో డిస్కును హబ్‌కు బిగించాలి. గేజి మొనను డిస్కు అంచుకు సెంటీమీటరు లోపల ఆనించి చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పితే ముల్లు ఎంత ఊగిందో కనిపిస్తుంది. ఎక్కువ చూపించిందా, డిస్కు ఊడదీసి హబ్‌ను బ్రష్షుతో గీకి, ఒక్కో రంధ్రం చొప్పున జరిపి మళ్లీ కొలవాలి. అలా జరపడంతోనే రీడింగు హద్దులోకి వచ్చి, బాగున్న డిస్కు మిగిలిపోయే సందర్భాలు ఉంటాయి. ఆపైన మైక్రోమీటరుతో ఏడెనిమిది చోట్ల మందం చూస్తే అనుమానం తీరుతుంది. కనీస మందం ఎంతుండాలో చాలా డిస్కుల మీద పోతలోనే రాసి ఉంటుంది. అంతకు దిగితే మార్చడం తప్ప దారి లేదు. ఇదంతా ముప్పావు గంట పని.

సర్వీస్ సెంటర్లు ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో, బ్యాటరీ వోల్టేజి ఎంతో జాబ్ కార్డులో రాస్తున్నాయి. డిస్కు మార్చమన్నప్పుడు పాత డిస్కు మందం, రనౌట్ కూడా అదే కార్డులో రాయాలి, కొత్తది బిగించాక వచ్చిన రీడింగు దాని పక్కనే ఉండాలి. లేత్ పనికీ ఇదే లెక్క. ఆ అంకెలు అడిగితే ‘అవేం అక్కర్లేదు సార్, చూస్తేనే తెలుస్తుంది’ అన్న షెడ్డులో ఓనరు పనికి ఒప్పుకోకుండా తాళాలు తీసుకుని బయటికి రావచ్చు.