పిత్తాశయపు రాళ్లు, చీటి లేని మందు

చెన్నపట్టణమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో నొక అలవాటు ప్రబలుచున్నది. ఒకరికి డాక్టరు వ్రాసిన మాత్రను వేరొకరు పేరు చెప్పి దుకాణమున కొనుచున్నారు. పిత్తాశయపు రాళ్లకు వాడు ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్లమునకును ఇదే గతి పట్టినది.

మందు మంచిదే. 1927లో జపానున ఎలుగుబంటి పైత్యరసమునుండి దీనిని వేరుచేసిరి; నేడు కర్మాగారములలో తయారగుచున్నది. కాలేయములోని పిత్తనాళములు క్రమముగా నశించు వ్యాధిలో ఏండ్ల తరబడి వాడవలసిన ఔషధమిదియే. కాని రాళ్ల విషయమున దీని శక్తి పరిమితము. కొలెస్టరాలుతో నేర్పడి, సున్నము పట్టని చిన్న రాళ్లనే కరగించును. అందుకును ఆరు నెలలు మొదలు రెండేండ్లు పట్టును. మానిన పిమ్మట రాళ్లు మరల పుట్టుటయు కలదు. దక్షిణదేశమున తరచుగా కనబడు, పైత్యపు రంగుతో నేర్పడిన నల్లరాళ్లను ఇది కరగింపజాలదు.

రాయి ఏ జాతిదో తెలియక మాత్ర కొనుట సరకు చూడక బయానా ఇచ్చుట వంటిది. శస్త్రచికిత్సకు జంకి మాత్రలతో కాలము గడపువారికి నష్టము పైకము మాత్రమే కాదు. రాయి నాళమున కడ్డుపడినచో కామెర్లు, చలిజ్వరము వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టి వేళ స్టాన్లీ ఆసుపత్రికో, సెంట్రలు ఎదుటి జనరల్ ఆసుపత్రికో తక్షణము పోవలెను.

మన పెద్దలలో తెలుగు తప్ప వేరు లిపి చదువలేనివారు కలరు. కావున ఇంటి యువకులు వారితోకూడ డాక్టరు వద్దకు వెళ్లి, చీటిలోని మాటను విడమరచి చెప్పవలెనని కోరుచున్నాము. సంఘసేవ ఇంటినుండియే ఆరంభము కావలెను గదా!