రోములో నా హాలిడే!

'రోమన్ హాలిడే' (1953) చూసినవాడెవడైనా రోములో దిగగానే వెతికేది గది కాదు, స్కూటర్! నేనూ అంతే. చవగ్గా వస్తోంది కదా అని ఊరి చివర గది తీసుకున్నాను. ట్రెవీ ఫౌంటెన్ దగ్గర 'లా డోల్చే వీటా' (1960) తలుచుకుంటూ కూర్చుంటే రాత్రి పదకొండున్నర దాటింది. ఆఖరి మెట్రో వెళ్ళిపోయింది! గది అద్దెలో మిగిల్చిందంతా టాక్సీకి సమర్పించుకున్నాను.

మర్నాడే తెర్మినీ స్టేషన్ పక్కకి మకాం మార్చేశాను. ఎ, బి మెట్రో లైన్లు రెండూ కలిసేది అక్కడే. ఎ లైనులో బార్బెరీని దగ్గర దిగితే ట్రెవీకి నడిచిపోవచ్చు. అదే లైనులో ఎదురు దిక్కుకి వెళితే, 1937లో వెలిసిన చినెచిత్తా స్టూడియో గుమ్మం ముందే దిగుతాం!

అన్నట్టు, ఆడ్రీ హెప్‌బర్న్‌లా స్పానిష్ మెట్లమీద ఐస్‌క్రీం తింటూ కూర్చుందామనుకోకండి. 2019 నుంచి అక్కడ కూర్చుంటే జరిమానా!

గది చవక, దారి ఖరీదు... నాకు రోము నేర్పిన పాఠం ఇదే!